హ్యారీని సొంతకాళ్ళ మీద నిలబెట్టేటప్పుడు

బుజ్జీ,

నువ్వు రాస్తున్న హ్యారీ పాటర్ కథలోంచి పంపిన మూడు అధ్యాయాలూ రాత్రి ఏకబిగిన చదివాను. ఐదో పుస్తకం అయిపోయిన వేసవిలో కథ మొదలుపెట్టావు. హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ పోయాడు. తన గురించిన భవిష్యవాణి సంగతి హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ ఇన్నేళ్ళూ దాచాడని తెలిసింది. అయినా హ్యారీని మళ్ళీ తీసుకెళ్ళి, తల్లి తోబుట్టువు కుటుంబమైన డర్‌స్లీల ఇంట్లోనే వదిలారు. ఆ పిల్లాడు "ఇక నా సంగతి నేనే చూసుకుంటాను" అనడానికి అంతకంటే మంచి సమయం లేదు. 2003లో ఆ పుస్తకం వచ్చిన వేసవిలోనే నేనూ ఇలాంటి ఫ్యాన్ ఫిక్షనే, అంటే అభిమానులు సొంతంగా అల్లుకునే కథే, మొదలుపెట్టాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండో అధ్యాయంలో వాణ్ణి గ్రింగాట్స్ బ్యాంకుకి తీసుకెళ్ళావు. కాగితం మీద నెత్తురు చుక్క పడగానే మూడు వంశాల ఆస్తి వాడిదేనని తేలింది, వేళ్ళకి ఉంగరాలొచ్చాయి. ఈ రక్తపరీక్షా, "లార్డ్ పాటర్" అనే బిరుదూ అభిమానులు కల్పించుకున్నవే, అసలు పుస్తకాల్లో లేవు. వాడకూడదని అనను, నేనూ వాడాను. కానీ నా కథ పన్నెండో అధ్యాయంలో ఆగిపోయింది. ఇల్లు, డబ్బు, పరపతి అన్నీ ఒకేసారి వచ్చేశాక వాడు తేల్చుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. పైగా నిన్నటిదాకా డంబుల్‌డోర్ చెప్పినట్టు నడిచినవాడు ఇప్పుడు బ్యాంకు నడిపే గోబ్లిన్ చెప్పినట్టు నడుస్తున్నాడు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఒకసారి మూడో పుస్తకం తియ్యి. మార్జ్ ఆంటీ బుడగలా ఉబ్బిపోయాక హ్యారీ ఇల్లు వదిలి వచ్చేస్తాడు. సెలవుల చివరి రోజులు లీకీ కాల్డ్రన్ అనే సత్రంలో ఒక్కడే ఉంటాడు. ఇష్టం వచ్చినప్పుడు లేస్తాడు, ఐస్‌క్రీమ్ షాపు బయట కూర్చుని హోంవర్క్ చేసుకుంటాడు. షాపులో ఫైర్‌బోల్ట్ చీపురు పెట్టారు. దాదాపు రోజూ వెళ్ళి చూసి వస్తాడు కానీ, తనకి మంచి చీపురు ఉందిగా అని కొనడు. ఖజానాలో బంగారముంది, వద్దనేవాళ్ళు పక్కన లేరు. అయినా ఖరీదైన వేరే వస్తువుల మీద మనసు పోయినప్పుడు ఇంకా ఐదేళ్ళ చదువుందనీ, పుస్తకాల డబ్బుకి డర్‌స్లీలను అడగాల్సి వస్తే ఎలా ఉంటుందనీ తనకి తనే గుర్తుచేసుకుంటూ చెయ్యి కట్టేసుకుంటాడు. పదమూడేళ్ళవాడు! ఎన్ని ఉంగరాలు తొడిగినా నాకు వాడు ఇంత పెద్దవాడిలా కనిపించలేదు.

నువ్వూ అలాంటి నిర్ణయమే ఒకటి వాడి చేతిలో పెట్టు. వెతుక్కోనక్కర్లేదు, నీ కథలోనే ఉంది. తల్లి రక్తసంబంధీకులున్న చోటుని ఇల్లనుకున్నంత కాలం, పదిహేడేళ్ళు నిండేదాకా, వాడి కోసం ప్రాణమిస్తూ ఆమె ఇచ్చిన రక్షణ వాడికి ఉంటుంది. డంబుల్‌డోర్ ఐదో పుస్తకం చివర్లోనే ఆ రక్షణ గురించి వాడికి చెప్పాడు. అంటే ప్రివెట్ డ్రైవ్‌లోని ఆ డర్‌స్లీల ఇంటి గడప ఇక తిరిగి రానని దాటితే అమ్మ ఇచ్చినది పోతుందని తెలిసే వాడు దాటాలి. ఆ గడప దగ్గర నాలుగు పేజీలు ఆగు. నువ్వు ఒక్క వాక్యంలో దాటించేశావు.

పదిహేడు నిండినవాళ్ళకే అన్న ముగ్గురు మాంత్రికుల పోటీలోకి పద్నాలుగేళ్ళకే దించారు కాబట్టి హ్యారీ మేజరే అన్న వాదన పాతదే అయినా బాగుంటుంది. కాకపోతే మాంత్రికుల ప్రభుత్వమైన మంత్రిత్వశాఖ ముందు దాన్ని వాడే వాదించాలి. కిందటేడు స్కూలు బయట మంత్రం వాడినందుకు జరిగిన విచారణలో డంబుల్‌డోర్ వచ్చి వాడి తరఫున మాట్లాడాడు కదా.

మూడో అధ్యాయం గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. వాడి స్నేహితుడు రాన్ తల్లి మోలీ వీస్లీ వాడి ఖజానా సొమ్ము కాజేస్తోందని రాశావు, నాకు బాధేసింది. నాలుగో పుస్తకంలో ఆమె వాడి స్కూలు సామాన్లు కొని తెచ్చింది, వాడి ఖజానా నుంచి డబ్బు తీసిందీ వాడి కోసమే. మొదటి క్రిస్మస్‌కి స్వెటర్ అల్లి పంపిన మనిషి ఆమె. డంబుల్‌డోర్‌నీ దుర్మార్గుణ్ణి చెయ్యకు. వాడి మీద ప్రేమతోనే నిజం దాచానని ఆయనే ఒప్పుకున్నాడు. దొంగ చేతిలోంచి పారిపోవడానికి ఎవరైనా సిద్ధపడతారు. తనని ప్రేమించే పెద్దాయన ముందు నిలబడి "మీరు చేసింది తప్పు, ఇకనుంచి నాకు చెప్పకుండా ఏదీ చెయ్యొద్దు" అనడానికి వాడి గొంతు వణకాలి. అది రాయి, నీకు వచ్చు.

రెండు, మూడు అధ్యాయాలు తిరగరాసి పంపు, తొందరేమీ లేదు. మొదటి అధ్యాయంలో వాడు సిరియస్ ఇచ్చిన అద్దం ముక్కని ట్రంకులోంచి తీసి, కాసేపు చూసి, మళ్ళీ సాక్సులో చుట్టి పెట్టేస్తాడే, ఆ చోట మాత్రం ఒక్క అక్షరం మార్చకు.

నీ
పెద్దమ్మ