పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: సున్నపు వెలుగులో మెలోడ్రామా

ప్రశ్న: మొన్న త్యాగరాయ గానసభలో ఒక సాంఘిక నాటకం చూసి కళ్లు తుడుచుకుంటూ బయటికి వస్తున్నాను. వెనుక నుంచి ఒక పెద్దమనిషి "అంతా మెలోడ్రామా అండీ" అని పెదవి విరిచారు. ఆ మాట తిట్టు ఎందుకయింది? విక్టోరియా రాణి కాలంలో తెల్లవాళ్లు మన దేశంలో కట్టుకున్న నాటకశాలల్లో ఎక్కువగా ఆడినవి ఇలాంటి నాటకాలేనని మా నాన్నగారు చెప్పేవారు. వాటిని ఎలా ఆడేవారో వివరంగా రాయగలరా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిక్కడపల్లి

జవాబు: మీరు కళ్లు తుడుచుకున్నందుకు సిగ్గుపడవలసిన పని లేదమ్మా. ఆ మాట పుట్టినప్పుడు అందులో తిట్టు లేదు. గ్రీకు భాషలో 'మెలోస్' అంటే పాట, కాబట్టి సంగీతంతో కలిసి నడిచే నాటకమే మెలోడ్రామా. ఇంగ్లీషులో ఆ పేరు పెట్టుకుని మొదట రంగమెక్కింది 1802లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఆడిన 'ఎ టేల్ ఆఫ్ మిస్టరీ'. థామస్ హాల్‌క్రాఫ్ట్ దానిని ఒక ఫ్రెంచి నాటకం నుంచి మలిచాడు. సంగీతం అంతగా పెనవేసుకుపోవడానికి ఒక చట్టం కూడా కారణం. 1737 నాటి శాసనం వల్ల, కేవలం మాటలతో నడిచే గంభీర నాటకాన్ని ఆడే హక్కు లండన్‌లో ప్రధానంగా డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ అనే రెండు శాలలకే దక్కింది. మిగిలిన శాలలవారు పాటనో, మూకాభినయాన్నో, గుర్రపు స్వారీనో చేర్చుకుంటే తప్ప బతకలేని పరిస్థితి. 1843లో కొత్త చట్టం ఆ గుత్తహక్కును తొలగించేనాటికి దుర్మార్గుడు అడుగుపెట్టే ముందు వాద్యాలు గుబులుగా మోగడం, అభాగ్యురాలు కుప్పకూలినప్పుడు వయొలిన్ సన్నగా ఏడవడం ప్రేక్షకులకు అలవాటైపోయాయి. అంకం చివర నటులందరూ ఒక్కసారిగా పటంలో బొమ్మల్లా నిలిచిపోయేవారు, ఆ నిశ్చల దృశ్యం మీద తెర దిగేది. పెద్ద శాలలో చివరి వరుసలోని కూలివాడికి కూడా కథ అందాలంటే అభినయం పెద్దదిగా, చేతులు చాచి, గొంతెత్తి సాగక తప్పదు. మనం ఈనాడు అతి అంటున్నది ఆనాటి శాల కొలతకు సరిపడిన అభినయమేనని నా నమ్మకం.

ఇక ప్రదర్శన సంగతి. ఆ కాలపు రంగస్థలంలో సగం కథను యంత్రాలూ దీపాలే చెప్పేవి. డ్రూరీ లేన్ శాలకు 1817లోనే గ్యాసు దీపాలు వచ్చాయి. ఆ తరువాత వచ్చిన లైమ్‌లైట్‌ను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సున్నపు కడ్డీ మీదికి ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువులు కలిసి మండే మంటను వదిలితే ఆ సున్నం కళ్లు చెదిరే తెల్లని వెలుగుతో వెలుగుతుంది. థామస్ డ్రమ్మండ్ అనే ఇంజనీరు 1820ల నడుమ దానిని భూమి కొలతల కోసం, దూరాన ఉన్న కొండల మీద గుర్తుగా వాడాడు. 1837లో అది కోవెంట్ గార్డెన్ రంగస్థలం మీదికి వచ్చింది. మంట తగిలిన చోట సున్నం అరిగిపోతుంది కనుక, ఒక మనిషి దీపం పక్కనే నిలబడి కడ్డీని కొద్దికొద్దిగా తిప్పుతూ, వాయువుల పాళ్లు సరిచూస్తూ, నటి ఎటు కదిలితే అటు వెలుగును నడిపేవాడు. వెన్నెల, స్వర్గం, దెయ్యపు నీడ అన్నీ ఆ ఒక్క మనిషి చేతివాటంలో ఉండేవి. 1852లో ప్రిన్సెస్ థియేటర్‌లో ఆడిన 'ది కార్సికన్ బ్రదర్స్'లో చనిపోయిన కవల సోదరుడి ఆత్మ నడవకుండానే రంగస్థలం మీద అడ్డంగా జారుతూ నేలలోంచి పైకి లేచేది. నేల కింద ఏటవాలు పట్టా మీద చిన్న బండి, దాని మీద నటుడు, వెనుక వణికే సంగీతం, ఇంతే అందులోని కిటుకు. విక్టోరియా రాణి ఆ నాటకానికి పదే పదే వెళ్లింది.

మన దేశంలోని ఇంగ్లీషు శాలలకు ఇంత సామగ్రి ఎక్కడిది? కలకత్తాలో చౌరింగీ థియేటర్ 1813లో మొదలైంది. అప్పుల్లో పడిన ఆ శాలను 1835లో ద్వారకానాథ ఠాకూరు కొన్నాడు, 1839లో అది కాలిపోయింది. ఆ శాలలో పేరు తెచ్చుకున్న ఎస్తర్ లీచ్ అనే నటి చందాలు పోగుచేసి సాన్ సూసీ అనే కొత్త శాలను నిలబెట్టింది. 1843 నవంబరులో ఒక రాత్రి, తన వంతు కోసం పక్క తెరల దగ్గర నిలబడి ఉండగా నూనె దీపం ఆమె దుస్తులకు అంటుకుంది. కొద్ది రోజులకే ఆమె కన్నుమూసింది. ఆనాటి వెలుగుల వైభవం గురించి రాసేటప్పుడల్లా నాకు ఆమే గుర్తుకు వస్తుంది.

బొంబాయిలో జగన్నాథ్ శంకర్‌సేఠ్ పూనికతో 1846లో గ్రాంట్ రోడ్ థియేటర్ వెలిసింది. సిమ్లాలో గెయిటీ 1887లో తెరుచుకుంది. ఇలాంటి చోట్ల ఆడినవారిలో చాలామంది వృత్తి నటులు కారు. పగలు కవాతు చేసి, కచేరీలో దస్త్రాలు చూసి, సాయంత్రం వేషం కట్టిన దొరలూ వారి కుటుంబాలవారూను. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఓడ ప్రయాణం దగ్గరై, వృత్తి నటుల బృందాలు ఇటు రావడం సులువైంది. నేల కింద అరలు, పట్టాలు లేని చిన్న రంగస్థలం మీద రంగు వేసిన తెరలు, వాద్యబృందం, నటుల గొంతు ఆ కొరతను పూడ్చవలసి వచ్చేది.

ఆ నాటకాల్లో మనవాళ్లు ఎలా కనిపించేవారన్నది మరువరాదు. 1857 తిరుగుబాటులో లక్నో ముట్టడి విడిచిన కొద్ది నెలలకే, 1858 ఫిబ్రవరిలో, నాటకకర్త డియాన్ బూసికో న్యూయార్కులో 'జెస్సీ బ్రౌన్, లేదా లక్నో విముక్తి' అనే నాటకం ఆడాడు. నానా సాహెబ్ వేషం వేయడానికి నటులెవరూ ముందుకు రాకపోతే ఆ వేషం తానే కట్టాడు. కాన్పూరు నాయకుడైన నానా సాహెబ్‌ను తెచ్చి లక్నోలో దుర్మార్గుడిగా నిలబెట్టడం చరిత్రకు చేసిన అన్యాయం. మెలోడ్రామాకు ఒక దుర్మార్గుడు కావాలి, ఆ ముఖానికి ఏ రంగు పూయాలో అధికారంలో ఉన్నవాడు నిర్ణయించాడు.

ప్రశ్న: పై విషయానికే సంబంధించి నా సందేహం. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం ఇలాంటి నాటకాల వల్లే వచ్చిందని విన్నాను. నిజమేనా?
– ఒక న్యాయవాది, సికింద్రాబాదు

జవాబు: నిజమే. ముఖాన పూసిన రంగు తారుమారైనందువల్లే వచ్చింది. దీనబంధు మిత్ర 1860లో రాసిన 'నీలదర్పణం'లో నీలిమందు తోటల తెల్లదొర రైతు ఆడపడుచు మీద చెయ్యి వేస్తాడు. నిస్సహాయురాలైన స్త్రీ, దుర్మార్గుడైన యజమాని, ఆఖరి క్షణంలో అడ్డుపడే పేదవాడు అనే ఆ కూర్పు లండన్ ప్రేక్షకుడికి బాగా తెలిసినదే, కానీ ఇక్కడ దుర్మార్గుడు దొర. 1872 డిసెంబరు 7న కలకత్తాలో నేషనల్ థియేటర్ టిక్కెట్లు అమ్మి ఆడిన మొదటి నాటకం ఇదే. 1875లో లక్నోలో దీనిని ఆడుతున్నప్పుడు, తోరాప్ అనే రైతు దొర మీద పడి కొట్టే ఘట్టంలో తెల్ల సిపాయిలు కత్తులు దూసి రంగస్థలం మీదికి ఎగబడ్డారు. ఆనాడు బృందంలో ఉన్న వినోదినీ దాసి ఆ భయాన్ని తన ఆత్మకథలో రాసుకుంది. మరుసటి ఏడు వేల్స్ యువరాజు రాకను, ఆయనను అంతఃపురంలోకి ఆహ్వానించిన ఒక వకీలును ఎగతాళి చేస్తూ నాటకం ఆడేసరికి, నాటకాలను ఆపించే అధికారం ప్రభుత్వానికి ఇస్తూ ఫిబ్రవరిలో అత్యవసర శాసనం, ఏడాది చివర చట్టం వచ్చాయి. ప్రేక్షకుడి కన్నీరు కోపంగా మారడానికి ఎంతో సేపు పట్టదని ప్రభుత్వానికి తెలిసిపోయింది.

ప్రశ్న: నేను నాటకరంగ విద్యార్థిని. సురభివారి ట్రిక్కు సీన్లు విక్టోరియా కాలపు ఇంగ్లీషు నాటకాల నుంచే వచ్చాయని మా మిత్రుడు అంటాడు. మన పురాణ నాటకానికీ లండన్‌కూ సంబంధం ఏమిటి? వస్తే ఏ దారిన వచ్చాయి?
– ఒక విద్యార్థి, లింగంపల్లి

జవాబు: నాయనా, మీ మిత్రుడి మాటలో సగం నిజం ఉంది. దారి మాత్రం తిన్ననిది కాదు, బొంబాయి మీదుగా వచ్చింది. గ్రాంట్ రోడ్ శాల కోటకు దూరంగా ఉండటం వల్ల దొరల రాక తగ్గింది. 1853 నుంచి పార్సీలు, మరాఠీలు అక్కడ తమ భాషల్లో ఆడసాగారు. ఇంగ్లీషువారు వదిలిన రంగస్థలం, తెరలు, వింగులు అనే పక్క తెరలు వారి చేతికి వచ్చాయి. ఇంగ్లీషు కథలు కూడా వచ్చాయి. 1882లో లండన్‌లో పేరుమోసిన 'ది సిల్వర్ కింగ్' కథ, అంటే తాను హంతకుడినని భ్రమపడి దేశం విడిచి, వెండి గని దొరికి ధనవంతుడై తిరిగివచ్చే తాగుబోతు కథ, ఆగా హష్ర్ కాశ్మీరీ చేతిలో ఉర్దూ నాటకమైంది. ఆయనే రాసిన 'యహూదీ కీ లడ్కీ'కి మూలం డబ్ల్యు. టి. మాంక్రీఫ్ 1835లో రాసిన 'ది జ్యూయెస్'. ఇదే మాంక్రీఫ్ 1823లో డ్రూరీ లేన్ రంగస్థలం మీద నిజమైన నీరు పారించి, గుర్రాన్ని ఎక్కించి 'గంగా జలపాతం' చూపించినవాడు. తాను ఊహించుకున్న గంగను లండన్ వారికి చూపిన మనిషి కథ తొంభై ఏళ్లకు ఉర్దూ పద్యాల్లో గంగ ఒడ్డున పుట్టిపెరిగిన కవి చేతుల మీదుగా మన దేశపు ప్రేక్షకులను ఏడిపించింది. ఈ విషయం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా అబ్బురంగానే ఉంటుంది.

హైదరాబాదుకు ఆ గాలి చాలా తొందరగానే సోకింది. 1868లో బొంబాయిలో పుట్టిన పార్సీ బృందం విక్టోరియా నాటక మండలిని మొదటి సాలార్‌జంగ్ పిలిపించగా, ఆ బృందం 1872లో దాదీ పటేల్ నాయకత్వాన ఇక్కడికి వచ్చి ఆడింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది 1874లో. అంటే ఆఖరి మజిలీల్లో ఆ తెరలు, పెట్టెలు బండ్ల మీద రావలసిందే.

తెలుగు నాటకానికి పార్సీ కంపెనీలతో పాటు ధార్వాడ బృందాలు కూడా దారి చూపాయి. మన రంగస్థలం మీద పాటలకు 'పార్సీ మట్లు' అన్న పేరు ఎంతకాలం నిలిచిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అయితే మనవాళ్లు అందినదల్లా తీసుకోలేదు. ఆఖరి క్షణంలో నిర్దోషి బయటపడటం మెలోడ్రామాకు ప్రాణం, కానీ బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర'ను విషాదాంతంగానే ముగించాడు. సంస్కృత నాటక సంప్రదాయమూ ఒప్పని ముగింపు అది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో కాళింది బావిలో దూకి ప్రాణం తీసుకుంటుంది, ఏ దయగల బంధువూ సమయానికి రాడు.

సురభి వారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలుపెట్టారు. రంగుల తెరలు, వింగులు, నేల నుంచి పైకి లేచే పాత్రలు, గాలిలో తేలే దేవతలు ఆనాటి కంపెనీ నాటకాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. దాని మూలాల్లో లండన్ ఒకటి. కానీ కార్సికా ఆత్మను జార్చిన యంత్రం మన దగ్గర నారదుడిని మేఘం మీద దించుతుంది, ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరిపోయేలా చేస్తుంది. కథ మనది, భక్తి మనది, పద్యం మనది. ఆ మాటకొస్తే ప్రపంచంలో చాలా చోట్ల ఆ యంత్రాలు మూలపడ్డాయి, సురభి కుటుంబాల చేతుల్లో మాత్రం నేటికీ తిరుగుతున్నాయి.

కొన్నేళ్ల కిందట పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో 'మాయాబజార్' ఆడుతుండగా, అనుమతి తీసుకుని వింగు పక్కన నిలబడ్డాను. ముందు నుంచి చూస్తే రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు కురిసి మాయమైనాయి. పక్క నుంచి చూస్తే రెండు సన్నని తీగలు, చెరో చివర ఒక మనిషి కనిపించారు. ఇటువైపు ఉన్న కుర్రవాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో, అరచేతికి పాత గుడ్డ చుట్టుకుని, హార్మోనియం మీద పద్యం ఆఖరి రాగం తీసే వరకు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. రాగం తెగిన క్షణంలో తీగ లాగాడు. బయట చప్పట్లు మోగుతుంటే అతడు మాత్రం తరువాతి తెర తాడు ముడి విప్పే పనిలో ఉన్నాడు. మీరు లింగంపల్లిలోనే ఉంటున్నారు కనుక సురభి కాలనీ మీకు దగ్గరే. నాటకం ఉన్న రోజున ఒక గంట ముందే వెళ్లి, తాళ్లు బిగించేటప్పుడు వారి పక్కన నిలబడి చూడండి.