నాన్నకి పాత టీవీ గేమ్ కొనిపెట్టొచ్చా? కొన్నవాడిగా నా మాట

చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి ఆడిన టీవీ గేమ్ లాంటిదే ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, రిటైరైన నాన్నగారికి కొనిపెడితే ఆ సరదా మళ్ళీ వస్తుందా, లేక డబ్బు దండగా అని అడిగారు. నేను కొన్నాను. కొన్నాక ఒక తప్పు చేశాను, ఒకటి అనుకోకుండా కుదిరింది. రెండూ చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది విశాఖపట్నం, ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాం. నాన్నది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. అక్కడి పిల్లలకి గడియారం చూడటం రాకముందే షిఫ్టులు వచ్చేస్తాయి. ఏ షిఫ్టు పొద్దున్న ఆరుకి, బి షిఫ్టు మధ్యాహ్నం రెండుకి, సి షిఫ్టు రాత్రి పదికి. నాన్న సి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే వారంలో ఇంట్లో అన్నీ గుసగుసలే. అమ్మ కుక్కర్ కూడా పెట్టేది కాదు, పప్పు గిన్నెలోనే ఉడికించేది. ఇదంతా ఎందుకంటే, మా టీవీ గేమ్ జ్ఞాపకాల్లో సగం మూగవి. మారియో గేమ్ అనగానే అందరికీ దాని పాట గుర్తొస్తుంది. నాకూ మా చెల్లికీ గుర్తొచ్చేది సౌండ్ సున్నాలో పెట్టిన టీవీ, పక్క గదిలోంచి నాన్న గురక.

2000లో బోనస్ డబ్బులొచ్చినప్పుడు గాజువాకలో ఒక షాపులో బేరమాడి కొన్నాడు నాన్న. 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ తెచ్చిన గేమ్ మెషీన్ ఫ్యామికామ్‌కి నకలు అది. ఫ్యామికామ్ అంటే ఫ్యామిలీ కంప్యూటర్ అన్నదానికి పొట్టి పేరని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మాకు మాత్రం అది టీవీ గేమ్, పైన గుచ్చేది క్యాసెట్, చేత్తో పట్టుకునేది రిమోట్.

క్యాసెట్ మీద ‘9999999 ఇన్ 1’ అని ఉండేది. నాన్న లెక్కల మనిషి. తెచ్చిన మర్నాడే లిస్టు పేజీలు తిప్పి తిప్పి, ఉన్నవి 22 గేములే, మిగతావన్నీ పేరు మార్చి పెట్టిన అవే గేములని తేల్చాడు. ‘షాపువాడు మనకి తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై ఏడు గేములు బాకీ’ అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. ఆ అంకె చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా తడబడలేదు.

నాన్న ఆట ఒకటే, బ్యాటిల్ సిటీ. మనం ట్యాంకుల ఆట అనేవాళ్ళమే, అది. కింద మధ్యలో గద్ద బొమ్మ, దాని చుట్టూ ఇటుకల గోడ, పైనుంచి శత్రువు ట్యాంకులు స్టేజికి ఇరవై చొప్పున దిగుతాయి. ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు. చెల్లీ నేనూ అయితే పైకి దూసుకుపోయి, వెనక గద్ద పేలిపోయాక ‘నీ వల్లే’ అంటే ‘నీ వల్లే’ అని కొట్టుకునేవాళ్ళం. నాన్న మాత్రం గద్ద పక్కనుంచి కదిలేవాడు కాదు. డ్యూటీలో ఉన్న సెక్యూరిటీలా అక్కడక్కడే తిరిగేవాడు. పార బొమ్మ దొరికితే ఇటుక గోడ కాసేపు స్టీలు గోడ అయిపోతుంది కదా, ఆ కాసేపూ ఆయన మొహం చూడాలి. ‘చూశారా, మన ప్లాంటు సరుకు’ అనేవాడు.

మెనూలో కన్‌స్ట్రక్షన్ అని ఒకటుంటుంది, అందులో మ్యాప్ మనమే గీసుకోవచ్చు. మేమెప్పుడూ పట్టించుకోలేదు. నాన్న ఒక ఆదివారం దాన్ని తెరిచి, గద్ద చుట్టూ మూడు వరసల స్టీలు పోశాడు. మొదటి స్టేజి నల్లేరు మీద బండిలా నడిచింది. రెండో స్టేజికి మళ్ళీ మామూలు ఇటుకలే వచ్చాయి. ‘మనం కట్టిందేదిరా?’ అన్న ఆయన గొంతులో, బిల్లు పాస్ కాని కాంట్రాక్టర్ బాధ వినిపించింది. అయినా పట్టు విడవలేదు, ఆ రోజు చాలా స్టేజీలు దాటాం. చివరికి పార తీసుకుని గోడ స్టీలు చేసి ఆయన ఊపిరి పీల్చుకునేసరికి, వెనకనుంచి మా చెల్లి పేల్చింది. మూడు నక్షత్రాలు తీసుకున్న ట్యాంకు స్టీలుని కూడా పగలగొడుతుందన్న సంగతి అప్పటిదాకా మా ఎవరికీ తెలీదు. మొదటి గుండుకి గోడ పోయింది, రెండో గుండుకి గద్ద పోయింది. నాన్న రిమోట్ కింద పెట్టి, చాలాసేపు నవ్వి, ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడే’ అన్నాడు. చెల్లి ఇప్పటికీ తను కావాలని చెయ్యలేదనే అంటుంది. నాకు నమ్మకం లేదు.

కాంట్రా అనే తుపాకుల గేమ్ గురించి అందరూ రాస్తూనే ఉంటారు, మొదట్లో పైన పైన కింద కింద అంటూ బటన్లు వరసగా నొక్కితే 30 లైఫులు వస్తాయని, అవన్నీ. మల్కాపురం నుంచి మా బావ వచ్చినప్పుడు అదే ఆడేవాళ్ళం, అంతకన్నా చెప్పేదేం లేదు.

చెప్పాల్సింది బాతుల ఆట గురించి. డక్ హంట్, తుపాకీతో ఆడేది. బాతు పడకపోతే గడ్డిలోంచి కుక్క లేచి నవ్వుతుంది. ఆ కుక్కని కాల్చాలని చూడనివాళ్ళు మా కాలనీలో లేరు. అమ్మకి ఈ ఆట మొదటి రోజే నచ్చలేదు. ‘శనివారం పూట బాతుల్ని చంపడమేట్రా?’ అంది. శనివారం ఇంట్లో నీచు వండదు సరే, టీవీలో బాతుకి కూడా ఆ నియమం ఏమిటని నాన్న సర్దిచెప్పి ఊరుకోబెట్టాడు. తర్వాత్తర్వాత అమ్మ కూడా చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకుని మా పక్కనే కూర్చునేది. ‘ఒక్క బాతుదే పెట్టండి, రెండైతే నాకు కళ్ళు తిరుగుతాయి’ అనేది. సరే అనేవాళ్ళం.

అప్పట్నుంచి నా గురి పోయింది. బాతు కాల్చబోయే క్షణానికి చటుక్కున పక్కకి తిరిగేది. చెల్లికీ అదే, నాన్నకీ అదే. తుపాకీ పాడైందనుకున్నాం. నాన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని ఊడదీసి, లోపల ఊది, మళ్ళీ బిగించాడు. బావ ఇంకా తెలివైనవాడు, ట్యూబ్‌లైట్‌కి గురిపెట్టి కాలిస్తే బాతు పడిపోతుందని చెప్పాడు. పడలేదు. వారం తర్వాత కుక్క నవ్వినప్పుడు అమ్మ కూడా ఆపుకోలేక నవ్వేసింది. చూస్తే పళ్ళెం కింద రిమోట్!

ఆ ఆటలో ఒక్క బాతు వచ్చే రకంలో, తుపాకీ ఒక సాకెట్లో ఉండగా ఇంకో సాకెట్లోని రిమోట్‌తో బాతుని తిప్పొచ్చు. ఎవరూ చెప్పలేదు. నేల తుడుస్తూ రిమోట్ పక్కకి తీసిపెట్టినప్పుడు బటన్ నొక్కుకుని బాతు తిరగడం అమ్మ చూసింది, అంతే. పత్రికల్లో చదివి, అన్నయ్యలని అడిగి గేముల గుట్టు తెలుసుకునే మాకు తెలియనిది, గేమ్ ముట్టని అమ్మ పట్టేసింది. ఆ తర్వాత మా ఇంట్లో అది వేట కాదు, పంతం. అమ్మ బాతు, మేం ముగ్గురం వేటగాళ్ళం.

ఇలా మూడు నాలుగేళ్ళు. చెల్లి టెన్త్‌కి వచ్చింది, ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది, కంప్యూటర్ ముందు ఒకే కుర్చీ ఉండేది. నాన్న రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో సొంతింటికి మారాం. పాత టీవీ గేమ్ అట్టపెట్టెలో కిటికీ పక్కన ఉండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ కిటికీ అద్దం పగిలి పెట్టె తడిసి ముద్దయింది. నీళ్ళకీ కరెంటుకీ కటకటలాడుతున్న రోజులు, దాని గురించి ఎవరం ఆలోచించలేదు. తర్వాత ఎప్పుడో చెత్తలోకి వెళ్ళింది.

ఇక నేను కొన్న సంగతి. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తూ తెచ్చాను. రెండు రిమోట్లు, ఒక తుపాకీ, గేములన్నీ లోపలే. తుపాకీ ఉన్నది కావాలని ఇంకాస్త ఎక్కువే పెట్టాను. అది పని చెయ్యలేదు. తప్పు తుపాకీది కాదు, టీవీది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, వెంటనే బాతు ఉన్నచోట తెల్ల డబ్బా మెరుస్తుంది. ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు తుపాకీలోని సెన్సర్‌కి కనబడితే గురి తగిలినట్టు. ముందు చీకటి కనబడాలి కాబట్టే బావ ట్యూబ్‌లైట్ కిటుకు పారలేదు. ఈ లెక్కంతా పాత డబ్బా టీవీ వేగానికి కట్టింది. ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, ఆ కాస్తకే తుపాకీ గుడ్డిదైపోతుంది. మీ ఇంట్లో డబ్బా టీవీ లేకపోతే తుపాకీకి డబ్బు పెట్టకండి. ఇంకో మాట, పాత క్యాసెట్ల రకం కొంటే నోటితో ఊదకండి. అప్పట్లో ఊదితే పనిచేసింది ఊదడం వల్ల కాదు, తీసి మళ్ళీ గుచ్చడం వల్ల. ఊపిరి తేమకి ఆ పిన్నులు తుప్పు పడతాయి. మన సముద్రపు గాలి ఆ పని ఎలాగూ చేస్తోంది, మనం కూడా సాయం పట్టక్కర్లేదు.

నేను చేసిన తప్పు అది కాదు. మొదటి సాయంత్రం నాన్నతో ట్యాంకుల ఆట పెట్టాను. నేను ఫోన్‌లో ఎప్పుడూ ఆడుతూనే ఉంటాను, చెయ్యి తిరిగిపోయింది. ఇరవై ట్యాంకుల్లో పంతొమ్మిది నేనే కొట్టేశాను. ఆయన గద్ద పక్కన నిలబడే ఉన్నాడు, ఆయన దాకా ఏదీ రాలేదు. నాలుగు స్టేజీలయ్యాక ‘బాగా ఆడుతున్నావు, నువ్వాడుకో’ అని లేచి వార్తలు పెట్టమన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొని తెచ్చింది ఆయన కోసం, ఆడింది నేను. మర్నాడు చెల్లిని కూర్చోబెట్టాను. తను ఇరవై ఏళ్ళుగా రిమోట్ ముట్టలేదు. తను మూడు ట్యాంకులు వదిలేసేది, నాన్న కళ్ళద్దాలు సర్దుకుని వాటి పని పట్టేవాడు, మధ్యలో ‘ఒసే, గోడ వైపు పేల్చకు’ అని అరిచేవాడు. రెండు గంటలు ఆడారు. మీరు కొంటే కొనండి, కానీ మీరు బాగా ఆడేవారైతే మొదటి రోజు పకోడీలు వేసే పని పెట్టుకుని వంటింట్లో ఉండండి.

కనుమ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ వచ్చి, ‘మరి నా బాతేదిరా?’ అంది. తుపాకీ పనిచెయ్యదమ్మా అన్నాను. ‘నాకు తుపాకీతో ఏం పని?’ అంది. నిజమే కదా. ఒక్క బాతుది పెట్టి రిమోట్ ఇచ్చాను. బాతుని స్క్రీనంతా తిప్పింది, చెట్టు మీదుగా, గడ్డి మీదుగా. కాల్చేవాడు లేడు. కాసేపటికి బాతు పైకి ఎగిరిపోయింది, కుక్క లేచి నవ్వింది. ఇంకోటి వచ్చింది. అలా పదీ ఎగిరిపోయాక స్క్రీన్ మీద గేమ్ ఓవర్ అని పడింది. అమ్మ నా వైపు తిరిగి, ‘పదీ బతికాయి కదా, మరి అయిపోయిందంటాడేట్రా?’ అంది.

పక్కనుంచి నాన్న, ‘వాడికేం తెలుసు, మళ్ళీ పెట్టు’ అన్నాడు.