విజిటర్ వీసా దరఖాస్తులో ప్రేమ సంగతి చెప్పాలా?

అమెరికాలో ఉంటున్న బాయ్‌ఫ్రెండ్‌ను చూడటానికి బీ-2 (విజిటర్) వీసాకు దరఖాస్తు చేస్తున్నాననీ, ప్రేమ సంగతి చెబితే తిరిగి రారనుకుని నిరాకరిస్తారేమోనని భయంగా ఉందనీ, ఏజెంటు మాత్రం అతన్ని కజిన్‌గా చూపించమంటున్నారనీ మీరు రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ఇదే పరిస్థితిలో నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే దరఖాస్తు చేసుకున్నాను. నాకు వీసా వచ్చింది, రాకపోయినా మీకు ఇదే చెప్పేదాన్ని.

ముందు ఫారం అసలేం అడుగుతుందో చూడండి. డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారంలో, అమెరికాలో మీకు తెలిసిన వ్యక్తి వివరాలు ఇచ్చే చోట, అతనితో మీ సంబంధాన్ని ఒక జాబితాలోంచి ఎంచుకోవాలి. అందులో బంధువు, జీవిత భాగస్వామి, స్నేహితుడు వంటివి ఉంటాయి గానీ బాయ్‌ఫ్రెండ్ అన్నది ఉండదు. నేను స్నేహితుడు అన్నదే ఎంచుకున్నాను. ఇచ్చిన వాటిలో నిజానికి దగ్గరగా ఉన్నది అదే కాబట్టి దాన్ని దాపరికం అనుకోనక్కర్లేదు. అసలు జాగ్రత్తగా చూడవలసింది, అమెరికాలో మీకు దగ్గరి బంధువులున్నారా అన్న ప్రశ్న. భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులతో పాటు కాబోయే భర్త కూడా ఇక్కడ లెక్కలోకి వస్తాడు. నిశ్చితార్థం అయి ఉంటే అవుననే రాయాలి. వేడుక జరగకపోయినా, ఇద్దరూ పెళ్లి ఖాయం చేసుకుని ఇళ్లలో చెప్పేసి ఉంటే అప్పుడూ అవుననడమే సరైనదని నా అభిప్రాయం.

ఇంటర్వ్యూలో ఎవరి దగ్గర ఉంటారని అడిగితే స్నేహితుడి దగ్గర అన్నాను. “స్నేహితుడేనా, అంతకంటే ఎక్కువా?” అని అధికారి వెంటనే అడిగారు. ప్రేమించుకుంటున్నామనీ, పెళ్లి గురించి ఇంకా ఏమీ అనుకోలేదనీ, సెలవు అయిపోగానే ఉద్యోగంలో చేరాలనీ చెప్పాను. ఆ తర్వాత అడిగినవన్నీ ఉద్యోగం గురించే. సెలవు మంజూరు లేఖ అద్దం కింది సందులోంచి ఇవ్వబోతే అక్కర్లేదన్నారు. అమెరికా వలస చట్టంలోని 214(బీ) సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారులు అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నారనే ముందుగా భావిస్తారు, కాదని చూపించుకోవలసింది మనమే. ప్రేమ ఆ అనుమానాన్ని పెంచుతుందన్న మాట నిజమే, కానీ దాన్ని తగ్గించగలిగేవి తిరిగి రావడానికి మీకున్న గట్టి కారణాలే.

214(బీ) కింద నిరాకరించినా మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. కీలకమైన విషయంలో తెలిసి తెలిసి అబద్ధం చెప్పారని తేలితే మాత్రం అదే చట్టంలోని 212(ఏ)(6)(సీ) కింద జీవితాంతం అనర్హత పడుతుంది. మినహాయింపు కోరే దారి ఉన్నా, అది దక్కుతుందన్న హామీ లేదు. పైగా ఈ అబద్ధాన్ని రేపు మీరే బయటపెట్టవలసి వస్తుంది. అతను అమెరికా పౌరుడై, మీరు పెళ్లి నిర్ణయించుకుని, కాబోయే జీవిత భాగస్వామికి ఇచ్చే కే-1 వీసాకు వెళితే, అందుకు అతను వేసే పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు నేరుగా కలుసుకున్నట్టు సాధారణంగా రుజువు చూపాలి. ఆ రుజువు ఈ ప్రయాణపు టికెట్లూ ఫొటోలే అవుతాయి. అప్పుడు కజిన్ అని రాసిన పాత దరఖాస్తు కూడా అధికారి ముందే ఉంటుంది.

అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకుని ఉండిపోవాలన్న ఆలోచన ఉంటే బీ-2కు దరఖాస్తే చేయకండి. దిగిన 90 రోజుల్లో అలా చేస్తే, వచ్చేటప్పుడే అబద్ధం చెప్పారని భావించే అవకాశం ఉంది. విమానాశ్రయంలో అధికారులు కూడా మళ్లీ అడగవచ్చు, ఫోన్ తీసి చూసే అధికారం కూడా వారికి ఉంది. అందుకే మీరు ఏం చెప్పారో అతనికీ తెలిసి ఉండాలి.

ఫారం ఏజెంటు నింపుతుంటే, సబ్మిట్ చేసే ముందు ప్రతి పేజీ మీరే చదువుకోండి. అందులో ఏం రాసి ఉన్నా, ఎవరు రాసినా, జవాబు చెప్పవలసింది మీరే. ఒకవేళ ఈసారి నిరాకరిస్తే, తర్వాతి దరఖాస్తులో గతంలో నిరాకరించారా అన్న ప్రశ్నకు అవునని రాసి, ఉద్యోగంలోనో చదువులోనో మీ పరిస్థితి కొంత మారాకే మళ్లీ వెళ్లండి.