విదేశంలో ఏడాది స్పోర్ట్స్ వలంటీర్‌గా ఉంటే తర్వాత ఉద్యోగం వస్తుందా?

పాకాల నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "ఈ ఏడాదితో బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) అయిపోతుంది. ఆఫ్రికాలో పిల్లలకు ఆటలు నేర్పే స్వచ్ఛంద సంస్థలో ఒక సంవత్సరం వలంటీర్‌గా చేద్దామని ఉంది. 'జీతం లేని పనికి సముద్రం దాటి పోవాల్నా, కూర్చుని డీఎస్సీకి చదువుకో' అంటున్నాడు మా నాయన. అట్లా వెళ్ళొచ్చినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు? ఏ సంస్థ మంచిది?"

నేను వెళ్ళొచ్చినదాన్నే తమ్ముడూ. 2018లో పదకొండు నెలలు కెన్యాలో, కిసుము అనే ఊరికి ముప్పావుగంట దూరంలో ఉన్నాను. మాది చిత్తూరు పక్కన పల్లె. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా. మన వైపు పిల్లాడివని 'నువ్వు' అనే రాస్తున్నా, ఏమనుకోవద్దు.

ముందు మీ నాయన మాట. అది సగం నిజం. డీఎస్సీలో విదేశీ వలంటీర్ అనుభవానికి ఒక్క మార్కు కూడా కలవదు. స్పోర్ట్స్ కోటాకు కావాల్సింది నువ్వు ఆడిన పోటీల సర్టిఫికెట్లు, పతకాలు. పిల్లలకు ఎంత బాగా నేర్పావన్నది అక్కడ ఎవరూ అడగరు. గవర్నమెంటు పీఈటీ పోస్టే నీ గురి అయితే ఆ ఏడాది పుస్తకాల ముందు కూర్చోవడమే మేలు. ఈ సంగతి దాచిపెట్టి 'వెళ్ళిరా, లైఫ్ మారిపోతుంది' అని ఊదరగొట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

మిగతా సగం చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి.

నేను గొప్ప క్రీడాకారిణిని కాను. స్కూల్లో ఖోఖో, కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్. ఫుట్‌బాల్ అయితే టీవీలో చూడటమే. వెళ్ళకముందే డబ్బు విషయంలో ఒక దెబ్బ తిన్నాను. ఆఫ్రికాలో వలంటీర్ అవకాశం ఇప్పిస్తామన్న ఒక ఏజెన్సీకి రిజిస్ట్రేషన్ పేరుతో రూ.15,000 కట్టాను. కట్టాక, ప్రోగ్రామ్ ఫీజు ఇంకో లక్షా ఎనభై వేలు అన్నారు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఎవరి కింద పని అని అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. ఆ పదిహేను వేలు ఇక రావని ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. తర్వాత కాలేజీ సీనియర్ ఒకామె ద్వారా ఒక చిన్న సంస్థ దొరికింది. గది, తిండి వాళ్ళు ఇస్తారు. టికెట్, ఇన్సూరెన్స్, పర్మిట్ నేను పెట్టుకోవాలి. అన్నీ కలిపి లక్షా నలభై వేల దాకా అయింది. అందులో ఎక్కువ భాగం మా నాయన మామిడికాయలు అమ్మిన డబ్బు. 'ఇంకో కోర్సు చదివించాననుకుంటాలే' అన్నాడు.

మొదటి వారమే నా పరువు పోయింది. మన స్కూళ్ళలో పీఈటీ సార్లను చూసి పెరిగిన అలవాటు కదా, విజిల్ ఊది, లైన్‌లో నిలబెట్టి, చేతులు చాపించి దూరం కొలిపించాను. ముప్పై నాలుగు మంది ఆడపిల్లలు పకపకా నవ్వారు. అక్కడ ఆట మొదలయ్యేది గుండ్రంగా కూర్చుని. నిన్న స్కూల్లో ఏమైంది, ఇంట్లో ఏమైంది అని కాసేపు మాట్లాడుకున్నాకే బంతి బయటికి వస్తుంది. ఆట అయ్యాక మళ్ళీ అట్లాగే కూర్చుంటారు. అక్కడి కోచ్ అమ్మాయికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు, ఫుట్‌బాల్‌లో నేను ఆమె కాలిగోటికి సరిపోను. మరి నన్నెందుకు పిలిచారు అని ఆ రాత్రి నిజంగానే ఏడ్చాను.

(తిండి గురించి భయపడకు. వాళ్ళ ఉగాలి అంటే రాగిపిండికి బదులు మొక్కజొన్న పిండితో కెలికిన సంగటే. సుకుమా వికీ అనే ఆకుకూరతో తింటారు. చపాతీ, చాయ్ అన్న మాటలు స్వాహిలీలోనే ఉన్నాయి. సంగటి తిని పెరిగినవాళ్ళకు కెన్యాలో ఆకలి ఉండదు. నేను ఊరగాయ మోసుకుపోయింది వృథా.)

మూడో వారం నుంచి ఖోఖో నేర్పాను. బంతి అక్కరలేదు, రెండు కర్రలు పాతితే చాలు, వాళ్ళకు తెగ నచ్చింది. కోచ్‌ను స్వాహిలీలో కోచా అంటారు. సంతలో కనబడినా 'కోచా, ఖో!' అని అరిచేవాళ్ళు. సంబరంగానే ఉండేది. అయితే నాకు తర్వాత కూడు పెట్టిన పని నేర్చుకున్నది మైదానంలో కాదు, హాజరు పుస్తకం దగ్గర.

ఎవరికీ ఇష్టం లేని పని కాబట్టి కొత్తగా వచ్చినదానికి అప్పగించారు. పేరు, వయసు, స్కూలు, వచ్చిందా లేదా. నెల తిరిగేసరికి ఒకటి గమనించాను. గురువారం వస్తే తొమ్మిది టిక్కులు తక్కువ. ఎప్పుడూ దాదాపు అవే పేర్లు. 'పిల్లలకు ఆసక్తి తగ్గుతోంది' అని రిపోర్టులో రాసేశాను. కోచ్ అమ్మాయి చదివి, ఆ వాక్యం కొట్టేసి, 'ఎవరినైనా అడిగావా?' అంది. అడగలేదు. ఇద్దరం కలిసి ఆ తొమ్మిది ఇళ్ళకూ నడిచాం. గురువారం సంత. అమ్మ కూరగాయలో ఎండుచేపలో అమ్ముకోవడానికి పోతే, ఇంట్లో చిన్నవాళ్ళను ఎత్తుకుని కూర్చునేది ఈ పిల్లలే. ఆటను బుధవారానికి మార్చాం, ఏడుగురు తిరిగొచ్చారు. ఎనిమిదో పిల్ల నెలసరి రోజుల్లో ప్యాడ్లు లేక స్కూలుకే పోవడం లేదు, గురువారంతో సంబంధమే లేదు, నేను టిక్కులు సరిగా చదవలేదు. తొమ్మిదో పిల్ల నైరోబీలో ఎవరింట్లోనో పనికి కుదిరి వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళు. ఆ పేరు ఎదురుగా ఏం రాయాలో తెలియలేదు. పుస్తకంలో 'మానేసింది' అన్న గడి ఒక్కటే ఉంది.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. టోర్నమెంటు రోజు పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. గంటలో సంస్థవాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది, తీసెయ్యమని. పిల్లల ముఖం, వాళ్ళ స్కూలు పేరు, ఆడే చోటు మూడూ ఒకే ఫొటోలో ఉన్నాయి. తల్లిదండ్రుల సంతకం ఒక్కటీ లేదు. 'మీ ఊళ్ళో నీ చెల్లెలి ఫొటో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు పెడితే ఊరుకుంటావా?' అని అడిగారు. సేఫ్‌గార్డింగ్ అంటే, పిల్లలకు హాని జరగకుండా చూసుకోవడమంటే, ఏమిటో నాకు ట్రైనింగ్‌లో ఎక్కలేదు, ఆ ఫోన్‌తో ఎక్కింది. మలేరియా కూడా ఒకసారి వచ్చింది, పది రోజులు పడుకున్నాను. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల అది మామూలే. దోమతెర, మాత్రల విషయంలో నాలాగా బద్ధకించకు.

తిరిగొచ్చాక ఆరు నెలలు ఎవరూ పిలవలేదు. ఒక ఇంటర్వ్యూలో 'సింహాల్ని చూశావా?' అని అడిగి పంపేశారు. 2019 మధ్యలో బెంగళూరులో ఒక సంస్థ వాళ్ళు మాత్రం వేరే ప్రశ్న అడిగారు. 'మీ కార్యక్రమం పనిచేస్తోందని మీకెట్లా తెలుసు?' నేను గురువారం సంగతి చెప్పాను, నా రిపోర్టు కొట్టివేతతో సహా. ఫీల్డ్ కోఆర్డినేటర్ పని ఇచ్చారు, నెలకు రూ.26,000. మరుసటి ఏడాది కోవిడ్‌కు బడులు మూతపడ్డాయి, పని పోయింది, చిత్తూరు వచ్చి ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. అప్పుడు మా నాయన ఏమీ అనలేదు. మా చిన్నాయన మాత్రం రోజూ అన్నాడు.

2021లో మళ్ళీ పని దొరికింది మన దగ్గరే. శ్రీసిటీలో ఎన్ని కంపెనీలున్నాయో నీకు తెలుసు. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీ తన గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి. ఆ చట్టం 7వ షెడ్యూల్‌లో గ్రామీణ క్రీడలకు, జాతీయ గుర్తింపు ఉన్న ఆటలకు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడలకు శిక్షణ ఇవ్వడం కూడా ఉంది. కిట్లు కొనిచ్చి ఫొటో దిగడం వాళ్ళకు సులభం. ఆ కిట్టుతో ఎంతమంది పిల్లలు ఎన్ని రోజులు ఆడారు, ఆడనివాళ్ళు ఎందుకు ఆడలేదు అని రాసి చూపించే మనిషి దొరకడమే కష్టం. నేను చేసేది ఆ పనే. మూడు మండలాల బడులు తిరుగుతాను.

వెళ్ళొచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారని అడిగావు కాబట్టి, నాతో అక్కడ ఉన్న మిగతా ముగ్గురి సంగతి కూడా చెబుతాను. నాగపూర్ అబ్బాయి ఒక పిల్లల సంస్థలో సేఫ్‌గార్డింగ్ చూస్తున్నాడు. కేరళ అమ్మాయి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి పరిశోధన వైపు వెళ్ళింది. జర్మనీ అబ్బాయి బ్యాంకులో చేరాడు, ఆ ఏడాది గురించి ఇప్పుడు మాట్లాడడు కూడా. కోచ్ అయినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. నీకు కోచ్ కావాలనే ఉంటే పటియాలాలోని ఎన్ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) డిప్లొమాకో, ఫుట్‌బాల్ అయితే కోచింగ్ డి లైసెన్సుతో మొదలుపెట్టి పై లైసెన్సులకో పోవాలి. వలంటీర్ సర్టిఫికెట్ దాని బదులు పనికిరాదు.

ఏ సంస్థ మంచిదని అడిగావు. చదివి చూడటానికి కొన్ని చెబుతాను, దరఖాస్తు తర్వాత సంగతి. నైరోబీలో మథారే యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్ 1987 నుంచి ఉంది. అక్కడి లీగ్‌లో జట్లకు మ్యాచ్ గెలిస్తేనే కాదు, తమ పేటలో చెత్త ఎత్తినా పాయింట్లు వస్తాయి. గ్రాస్‌రూట్ సాకర్ 2002లో జింబాబ్వేలో మొదలైంది, ఫుట్‌బాల్ ఆటలతోనే పిల్లలకు హెచ్ఐవీ గురించి చెబుతారు. రైట్ టు ప్లే పెట్టింది 1994 శీతాకాల ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన నార్వే స్కేటర్ యోహాన్ ఓలవ్ కోస్. మన దేశంలో ముంబయి మ్యాజిక్ బస్, నాగపూర్ స్లమ్ సాకర్, జార్ఖండ్‌లో ఆడపిల్లల ఫుట్‌బాల్‌తో పనిచేసే యువా ఉన్నాయి. యువాకు 2019లో లారియస్ అనే అంతర్జాతీయ క్రీడా అవార్డు వచ్చింది. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల విభాగంలో 18 నుంచి 26 ఏళ్ళవాళ్ళకు వేరే కేటగిరీ ఉంది. ఎంపికైతే నెలనెలా జీవన భత్యం ఇస్తారు, దరఖాస్తుకు ఏ దశలోనూ డబ్బు అడగరు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే మోసమే.

మామూలు సంస్థలను నువ్వు అడగాల్సినవి నాలుగైదు ఉంటాయి. అక్కడి కోచ్‌లకు జీతం ఇస్తున్నారా? నేను వస్తే వాళ్ళలో ఎవరి పనైనా పోతుందా? నేను కట్టే డబ్బులో ఎంత దేనికి? నా పోలీస్ క్లియరెన్స్ (నా మీద కేసులు లేవని పోలీసులిచ్చే కాగితం) అడుగుతారా? ఈ చివరిది అడగకుండానే 'వెంటనే రండి' అన్నారంటే ఆ సంస్థ దగ్గరికి పోవద్దు. పిల్లల మధ్యకు వచ్చే మనిషి ఎవరో చూసుకోనివాళ్ళు ఇంకేం చూసుకుంటారు?

కాగితాల పని తొందరగా చెప్పేస్తాను. పోలీస్ క్లియరెన్స్‌కు తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారానే అప్లై చేశాను. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి పనిచేయమని ఎవరన్నా ఒప్పుకోకు, పట్టుబడితే వెనక్కి వచ్చేది నువ్వే. ఎల్లో ఫీవర్ టీకా మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకున్నాను. వేసిన పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు. నాతో దిగిన ఒకాయన కార్డు పెట్టెలో పెట్టి, పెట్టె ఇంకా రాక, గంటన్నర టెన్షన్ పడ్డాడు.

నన్నడిగితే ఇప్పుడే టికెట్ కొనొద్దు. బీపీఈడీ పరీక్షలు కానివ్వు. ఆరు నెలలు ఇక్కడ ఏదో ఒక బడిలో సాయంత్రం బ్యాచ్ పట్టుకుని హాజరు రాయి. రాయడం విసుగనిపిస్తే కెన్యాలోనూ విసుగే, లక్షన్నర మిగులుతుంది. విసుగు రాకపోతే, ఆ పుస్తకం పట్టుకుని అప్లై చేయి. ఉత్త ఉత్సాహంతో రాసిన ఉత్తరం కంటే దాన్ని జాగ్రత్తగా చదువుతారు.

చంద్రగిరిలో మా బ్యాచ్‌కు జూన్ నుంచి రిజిస్టర్ చూసే మనిషి కావాలి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర, వారానికి నాలుగు రోజులు. బస్సు ఛార్జీలు ఇస్తాం, అంతకంటే ఇవ్వలేం. పగలంతా డీఎస్సీకి చదువుకోవచ్చని మీ నాయనకు చెప్పు.