బార్డర్ షుగర్‌కు గోలీ వేసుకోవాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రైస్ మిల్లులో గుమాస్తాను. మొన్న క్యాంపులో పరగడుపున షుగర్ 112, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. బార్డర్‌లో ఉందన్నరు. అమ్మకు షుగర్ ఉంది. నేను సన్నగనే ఉంటా, పొట్ట మాత్రం కొంచెం వచ్చింది. వచ్చినంక చూసుకోవచ్చంటడు మా బావ. ఇప్పుడే గోలీ మొదలుపెట్టాలా? నా భార్యకు అయిదో నెల. అంగన్‌వాడీకి పోయి తినడానికి మొహమాటపడుతోంది. ఏం చెప్పమంటారు మేడమ్?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ బావ మాట వినకండి తమ్ముడూ. ఏమన్నా చేయగలిగే సమయం ఇదే.

గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షలో బార్డర్ అని తేలిన 531 మందిని చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మూడేళ్లు గమనించింది. ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహాతో సరిపెట్టిన వాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చేసింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో అది 39 దగ్గర ఆగింది. ‘మార్చుకున్నా 39 మందికి వచ్చింది కదా’ అంటాడు మీ బావ. అననివ్వండి. తప్పించుకున్న ఆ పదహారుమందిలో మీరుండాలని నా తాపత్రయం. పైగా ఆలస్యంగా వచ్చినా లాభమే. చైనాలోని డాచింగ్‌లో 1986లో ఇలాగే మొదలుపెట్టినవాళ్లను 30 ఏళ్ల తర్వాత చూస్తే, షుగర్ సగటున నాలుగేళ్లు వెనక్కి జరిగింది, గుండెజబ్బు చావులు కూడా తగ్గాయి.

మెట్‌ఫార్మిన్ గోలీ కూడా చెన్నైలో దాదాపు అంతే పనిచేసింది. రెండూ కలిపితే అదనంగా ఒరిగిందేమీ లేదు. అందుకే ముందు నడక, తిండి అంటున్నాను. గోలీ సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి.

సన్నగా ఉన్నానన్న ధైర్యం వద్దు. మనవాళ్లకు కొవ్వు పొట్టలో చేరుతుంది. ఊపిరి వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి చూడండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటొద్దు. చెన్నైలో నడిచినవాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు, అయినా ఫలితం వచ్చింది. కాబట్టి కాంటా చూసి నిరుత్సాహపడి మానేయకండి.

గుమాస్తా పనంటే కూర్చునే పని. రోజూ అరగంట, కాస్త ఆయాసం వచ్చేలా నడవండి. మిల్లు మనుషుల ఇంట్లో సన్నబియ్యానికి కొదవుండదని తెలుసు. కంచంలో బువ్వ సగం చేసి, ఆ జాగాలో పాలకూర పప్పు, గోకరకాయ, కోడిగుడ్డు పెట్టుకోండి. జొన్న రొట్టె మంచిదే, అయితే రెండు తిని ఆగాలి. లెక్కల మధ్య గంటగంటకూ వచ్చే చాయలో చక్కెర ఎంత పోతోందో ఒకసారి చూడండి. షుగర్ పరీక్ష ఏడాదికోసారి తప్పదు.

మీ ఆవిడను అంగన్‌వాడీకి తప్పకుండా పంపండి. ఆరోగ్యలక్ష్మి భోజనంలో గుడ్డు, పాలు ఉంటాయి. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనంగా ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకొచ్చాక పరీక్షిస్తే, పెట్టని ఊళ్లవాళ్లకన్నా కొంచెం పొడవున్నారు, ఇన్సులిన్ కూడా వాళ్ల ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది. బిడ్డకు ఇంత మేలు జరిగేచోట మొహమాటమెందుకు? మొదటి రోజు మీరే తోడు వెళ్లండి. ఆమెకు గ్లూకోజ్ తాగించి షుగర్ పరీక్ష చేశారో లేదో ఏఎన్‌ఎంను అడగండి. చేసి ఉన్నా 24-28 వారాల మధ్య మళ్లీ చేయించాలి.