ఐపీ పెట్టేముందు ఒకసారి లెక్క చూడండి

ప్రశ్న: మేడమ్ గారూ, మాది విజయవాడ. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 44 వేలు. అద్దె, పిల్లల ఫీజులతో ఇంటి ఖర్చు 24 వేలు. నాన్నగారి ఆపరేషన్‌తో మొదలైన అప్పులు పెరిగిపోయాయి. రెండు క్రెడిట్ కార్డుల మీద 2.95 లక్షలు, పర్సనల్ లోన్ బాకీ 3.80 లక్షలు, దాని ఈఎంఐ 13,200. రెండు లోన్ యాప్‌లలో 45 వేలు ఉంది, వాటికి నెలకు 9 వేలు కట్టాలి. నాన్నగారి స్నేహితుడి దగ్గర రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి 3 లక్షలు తెచ్చాను. నోటు మీద మా బావమరిది కూడా సంతకం పెట్టాడు. ఆయన దగ్గర నా ఖాళీ చెక్కులు రెండు ఉన్నాయి. రెండు నెలలుగా ఈఎంఐ తప్పింది. ఏజెంట్లు రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికొస్తున్నారు, బావమరిదికీ ఫోన్లు చేస్తున్నారు. వాట్సాప్‌లో అరెస్టు వారెంటు అని ఏదో పంపారు. ఊళ్లో నా పేరున 60 సెంట్ల పొలం ఉంది, 8 లక్షలు పలుకుతుంది. మా ఆవిడకు 6 కాసుల బంగారం ఉంది, బ్యాంకులో 3 లక్షల దాకా ఇస్తామన్నారు. పొలం ఆవిడ పేరున రాసేసి ఐపీ పెట్టమని ఒక స్నేహితుడి సలహా. ఈ వారమే రిజిస్ట్రేషన్ పెట్టుకుందామనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: పొలం రాయకండి, ఐపీ పెట్టకండి. టైమ్ తక్కువగా ఉందని ముందే చెప్పేస్తున్నాను. కారణాలు తీరిగ్గా చదవండి.

మన దగ్గర ఐపీ అంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసే దివాలా పిటిషన్. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చిన మాట నిజమే కానీ, అందులో మామూలు మనుషులకు సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. కంపెనీల అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకు మాత్రం 2019 డిసెంబరు 1 నుంచి వర్తిస్తోంది. మీలాంటివాళ్లకు దిక్కు ఆ వందేళ్ల నాటి చట్టమే. అదెంత పాతదంటే, అప్పు 500 రూపాయలుంటే చాలు పిటిషన్ వేయొచ్చు. కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించాక, ఆ సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు అప్పు తెస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చని సెక్షన్ 72లో ఉంది. కిరాణా కొట్లో ఖాతా పెట్టుకోవాలన్నా చెప్పి పెట్టుకోవాలన్నమాట.

మీ స్నేహితుడు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. కోర్టు దివాలా ప్రకటించిన క్షణం నుంచి మీ ఆస్తి మీ చేతిలో ఉండదు, కోర్టు నియమించే రిసీవర్ చేతికి పోతుంది. ముందే భార్య పేరున రాసేస్తే తప్పించుకోవచ్చు కదా అనే ఆలోచన మీతో మొదలైంది కాదు, చట్టం రాసినవాళ్లకు అది బాగా తెలుసు. సెక్షన్ 53 ప్రకారం, దివాలాకు ముందు రెండేళ్లలోపు డబ్బు తీసుకోకుండా రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయొచ్చు. అప్పులవాళ్లను ముంచడానికి ఆస్తి దాచారని తేలితే ఏడాది దాకా జైలు శిక్ష కూడా ఉంది. మీరు ఈ వారం రాయించే గిఫ్టు దస్తావేజు, ముందుగా మీరే తయారు చేసి పెట్టిన సాక్ష్యం అవుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తేదీతో సహా పదిలంగా ఉంటుంది.

ఇక బావమరిది. మీరు ఐపీ పెట్టి, ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి, చివరికి అప్పుల నుంచి విడుదల చేసే డిశ్చార్జి ఆర్డరు తెచ్చుకున్నా అది మీకే. మీ అప్పుకు పూచీ ఉన్నవాడి బాధ్యత దానితో తీరదు. నోటు మీద సంతకం పెట్టిన పాపానికి 3 లక్షలూ ఆయన నెత్తిన పడతాయి. ఆస్తి ఏమీ లేక, అప్పు జీతానికి ఎన్నో రెట్లుండి, నాలుగైదు దావాలు మీద పడినవాళ్లకు ఐపీ వద్దని నేను అనను. మీ పరిస్థితి అది కాదు. మీకు 10.20 లక్షల అప్పుంది, దాన్ని దాదాపు తీర్చగలిగే ఆస్తీ ఉంది. మిమ్మల్ని ముంచుతున్నది అప్పు మొత్తం కాదు, దాని వడ్డీ.

మీరు పంపిన కార్డు స్టేట్‌మెంట్లు తీసి చూడండి. రెండింటిలోనూ నెలకు 3.75 శాతం వడ్డీ అని చిన్న అక్షరాల్లో ఉంది. 2.95 లక్షల మీద అది 11 వేల పైన. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 13 వేలు దాటుతుంది. మినిమం డ్యూ అని మీరు నెలనెలా కడుతున్నది 14,750. అంటే అసలులో తగ్గేది 1,700 రూపాయలు, అదీ ఆ నెలలో కార్డు అస్సలు గీకకపోతే. ఇదే లెక్క మన ఊరి పద్ధతిలో చెప్పుకుంటే, జీఎస్టీతో కలిపి నూటికి నాలుగు రూపాయల నలభై పైసల వడ్డీ. నాన్నగారి స్నేహితుడు రెండు రూపాయలు తీసుకుంటున్నాడని మీరు ఉత్తరంలో రెండుసార్లు వాపోయారు. కార్డు వడ్డీ గురించి ఒక్క మాట లేదు! ఎవరైనా ఊళ్లో నాలుగు రూపాయల వడ్డీ అడిగితే మనం ఆ గుమ్మం తొక్కం. కార్డు వడ్డీ 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది కానీ, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అటువైపు నుంచి ఊరట లేదు.

మీ నెల లెక్క ఇదీ. కార్డులకు 14,750, పర్సనల్ లోన్‌కు 13,200, యాప్‌లకు 9,000, నోటు వడ్డీ 6,000. మొత్తం 42,950. ఇంటి ఖర్చు పోను మీ చేతిలో మిగిలేది 20 వేలు. ఈ లెక్కతో మీరు ఎంత క్రమశిక్షణగా ఉన్నా వాయిదా తప్పక తప్పదు. తప్పినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి.

ముందు ఇంట్లో కూర్చుని మీ ఆవిడకు మొత్తం చెప్పండి. యాప్‌ల అప్పు ఆవిడకు తెలియదని రాశారు. బంగారం ఆవిడది, ఆవిడ ఇష్టంతోనే బయటికి రావాలి. అడిగేటప్పుడు 10.20 లక్షలూ కాగితం మీద రాసి చూపించి అడగండి. ఆవిడ వద్దంటే బలవంతం లేదు, కార్డు బాకీని తక్కువ వడ్డీకి వాయిదాల లోన్‌గా మార్చమని బ్యాంకును అడగొచ్చు. సరే అంటే బ్యాంకులోనే కుదువ పెట్టండి. 3 లక్షలకు ఏడాదికి 10 శాతం అనుకున్నా నెల వడ్డీ 2,500, అంటే రూపాయి లోపు వడ్డీ. ఆ డబ్బుతో రెండు కార్డులూ ఒకేసారి తీర్చేయండి. 14,750 కట్టే చోట 2,500 అవుతుంది.

ఇక్కడితో ఆగితే లాభం లేదు. ఇంకా నెలకు 30,700 కట్టాలి, ఉన్నది 20 వేలే. పైగా బంగారం వేలానికి పోయే ప్రమాదం ఉంటుంది. అందుకని పొలం అమ్మకానికి పెట్టండి. నాన్నగారు ఇచ్చిన పొలం అమ్మడమా అనిపిస్తుందని తెలుసు. అయినా అమ్మమనే చెబుతాను. ఆ 60 సెంట్ల మీద కౌలు ఏడాదికి ఎంతొస్తుందో మీరు రాయలేదు, కార్డులు నెలకు 13 వేలు తినేస్తున్నాయి. మునిసిపాలిటీ పరిధికి దూరంగా ఉన్న సాగుభూమి అయితే అమ్మిన లాభం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. ఎంత దూరమనేది ఆ మునిసిపాలిటీ జనాభాను బట్టి 2 నుంచి 8 కిలోమీటర్లు, మీ ఆడిటరును ఒకసారి అడగండి.

బేరం కుదిరి బయానాగా ఒక లక్ష వస్తే అందులో 45 వేలతో యాప్‌లు రెండూ మూసేయండి, తప్పిన రెండు ఈఎంఐలు కట్టండి. మిగిలింది రిజిస్ట్రేషన్ దాకా నెలనెలా జీతంలో చాలకుండా పోయే దాదాపు రెండు వేలకు సరిపోతుంది. రిజిస్ట్రేషన్ రోజు వచ్చే 7 లక్షల్లో మొదట బంగారం విడిపించండి, తర్వాత నోటు తీర్చండి. మిగిలే లక్ష పర్సనల్ లోన్‌కు కట్టేయాలనిపిస్తుంది. కట్టకండి. దాన్ని బ్యాంకులోనే ఉంచి, అమ్మానాన్నలతో సహా అందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఈ కథంతా ఒక ఆసుపత్రి బిల్లుతో మొదలైంది, రెండో బిల్లు మళ్లీ కార్డు మీదికి పోకూడదు. 13,200 ఈఎంఐ మీ 20 వేలలో హాయిగా సరిపోతుంది.

నోటు గురించి కొంచెం వివరంగా. రాసి రెండేళ్ల ఎనిమిది నెలలైందన్నారు. దావాకు గడువు మూడేళ్లు. కాబట్టి ఆయన త్వరలో నోటు తిరగరాయమనో, వెనక చెల్లు (కట్టిన సొమ్ము నమోదు) వేయమనో అడుగుతారు. నోటు వెనక ఎంతో కొంత చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. సంతకం పెట్టకుండా నాలుగు నెలలు జరుపుకొస్తే గడువు దాటిపోతుందని మీ స్నేహితుడి లాంటివాళ్లు సలహా ఇస్తారు. ఆపదలో ఆదుకున్న మనిషి దగ్గర ఆ ఎత్తు వేయకండి, ఆయన దగ్గర మీ చెక్కులు కూడా ఉన్నాయి. చెల్లు వేయండి. కట్టిన మొత్తం, తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ మీరే రాసి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అప్పు తీర్చిన రోజు నోటు, రెండు చెక్కులు చేతికి తీసుకున్నాకే డబ్బు చేతికివ్వండి. చెక్కులు తర్వాత ఇస్తానంటే డబ్బూ తర్వాతే.

వాట్సాప్‌లో వచ్చిన వారెంటు ఉత్తదే. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, బ్యాంకు ఏజెంటు వారెంటు పుట్టించలేడు. జైలు భయం నిజంగా ఉన్న చోటు వేరు. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద, ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్స్ అయితే 2007 నాటి పేమెంట్స్ చట్టం కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు, రెండింటికీ రెండేళ్ల దాకా శిక్ష ఉంది. అయితే ముందు నోటీసు ఇవ్వాలి, కట్టడానికి 15 రోజుల గడువుంటుంది. కాబట్టి పోస్టులో వచ్చిన లాయరు నోటీసును మాత్రం తెరవకుండా పక్కన పెట్టకండి. సివిల్ దావా వేసి గెలిచినా జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోవడానికి లేదు. మీ జీతంలో కోర్టు తీసుకోగలిగేది సుమారు 14 వేలు. పీఎఫ్ జోలికీ రాకూడదు. భయంతో మీరు 43 వేలు కట్టబోయారు.

ఏజెంట్ల సంగతి. బాకీ వసూలుకు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బంధువులను, స్నేహితులను వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే స్పష్టంగా చెప్పింది. ఇంటికొచ్చినవాడి దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. ఈసారి వస్తే గుమ్మంలోనే అవి చూపించమనండి, ఫొటో తీయండి. బావమరిదికి వచ్చిన కాల్స్ స్క్రీన్‌షాట్లు తెప్పించుకోండి. బ్యాంకుకు మెయిల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ నంబరు నుంచి అన్నది రాస్తే చాలు, బాధంతా వర్ణించక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. యాప్‌ల వెనక ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఉందో చూడండి. ఎవరూ లేకుండా, ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే అంబుడ్స్‌మన్ దాకా పోనక్కర్లేదు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈలోగా ఏజెంటు, “1.85 లక్షల కార్డుకు 80 వేలు కట్టండి, సెటిల్ చేసేస్తా” అని ఆశపెడతాడు. మీరు అసలు కట్టగలిగిన స్థితిలో ఉన్నారు కాబట్టి ఒప్పుకోవద్దంటాను. మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే ఏళ్ల తరబడి ఉంటుంది, రేపు ఇంటి లోన్‌కు వెళ్తే మొదట అదే కనిపిస్తుంది. ఆలస్య రుసుములు తగ్గించి ఖాతాను ‘క్లోజ్డ్’గా చూపించమని బేరమాడండి, ఒకేసారి కడతానంటే చాలాసార్లు వింటారు. ఏది ఒప్పుకున్నా ముందు బ్యాంకు లెటరు రావాలి, డబ్బు కార్డు ఖాతాకే పోవాలి. ఏజెంటు ఫోన్ నంబరుకు యూపీఐ చేయమంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి.

కార్డులు తీరాక పెద్ద లిమిట్ ఉన్నదాన్ని రద్దు చేయించి, బాకీ లేదనే నో డ్యూస్ లెటరు తీసుకోండి. రెండోది ఉంచుకోవాలనుకుంటే లిమిట్ 30 వేలకు దించమని బ్యాంకుకు రాయండి, ఫోన్‌లో చెబితే సరిపోదు. నెలన్నర తర్వాత సిబిల్ రిపోర్టు తెప్పించి చూడండి, ఏడాదికి ఒకటి ఉచితం. అందులో బాకీ ఇంకా కనిపిస్తే ఆ నో డ్యూస్ లెటరు జతచేసి సరిచేయమనండి.