ముందు కాగితం నానబెట్టించండి, బొమ్మల సంగతి తర్వాత

"ఆరేళ్ల పాపకి రీసైక్లింగ్ అర్థమయ్యేలా కాగితంతో ఏ క్రాఫ్ట్ చేయిస్తే బాగుంటుంది?" అని అడిగారు. నన్నడిగితే, జిగురు డబ్బా దాచేసి బకెట్లో నీళ్లు పట్టండి.

మేముండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' చేసుకురమ్మన్నారు. చెత్తతో చెయ్యమంటే నేను రాత్రి ఎనిమిదింటికి షాపుకి పరిగెత్తి కొత్త చార్టులు, మెరుపుల పొడి, థర్మాకోల్ తెచ్చాను. దాదాపు ప్రతి ఇంట్లో ఇదే తంతు. మెరుపులూ జిగురూ పట్టించిన కాగితం మళ్లీ గుజ్జుకి పనికిరాదు. పిల్లల చేత మంచి కాగితాన్ని చెత్త చేయించి, దానికి మార్కులు వేస్తున్నాం. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అప్పుడు తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చి ఉన్నారు. "అవన్నీ లోపల పెట్టమ్మా, పాత పేపర్లు తే" అన్నారు. వాళ్ల ఊళ్లో చేటలకి కాగితం గుజ్జూ మెంతిపిండీ కలిపి మెత్తేవాళ్లట. పాపా ఆవిడా బాల్కనీలో కూర్చుని పేపర్లు గోరంత ముక్కలుగా చించారు. అది చాలక పాప ఇల్లంతా వెతికి పాత నోటుబుక్కులు, సూపర్ మార్కెట్ బిల్లులు, టీ తాగిన పేపర్ కప్పులు కూడా బకెట్లో పడేసింది.

రెండు రాత్రులు నానాక చెయ్యి పెట్టి పిసుకుతుంటే న్యూస్ పేపరు వెన్నలా నలిగింది. కప్పులు మాత్రం నలగలేదు. కాగితం ఊడి, లోపల్నుంచి పల్చటి ప్లాస్టిక్ పొర చేతికొచ్చింది. "నానమ్మా, ఇది కాగితం కాదా? మనకి అబద్ధం చెప్పారా?" అంది పాప. ఆ మొహం నేను మర్చిపోలేను. బిల్లుల్ని నేనే ఏరి పారేశాను, ఆ కాగితానికి రసాయనం పూత ఉంటుంది. మీరు మొదటే వాటిని పక్కన పెట్టండి.

నీళ్లు పిండేసి, నానబెట్టి రుబ్బిన మెంతులు కలిపి, బోర్లించిన స్టీలు గిన్నె మీద తడిగుడ్డ పరిచి మెత్తారు. తెనాలి ఎండకి మూడు రోజుల్లో ఆరేదట. ఇక్కడి ఆగస్టు ముసురులో వారం పట్టింది, మధ్యలో కాస్త బూజు కూడా పట్టింది. మీరు మార్చిలో చెయ్యండి. స్కూలు వాళ్లకి ఆ బుట్ట నచ్చలేదు, రంగుల్లేవన్నారు.

ఈ ఊళ్లో తడిచెత్త, పొడిచెత్త వేరు చెయ్యాలని 2015లోనే హైకోర్టు చెప్పింది. అంతకుముందే, ఊరి చెత్తంతా తమ దగ్గర పోస్తున్నారని బెంగళూరు శివారులోని మండూరు గ్రామస్థులు ఏళ్ల తరబడి పోరాడారు. అయినా మా అపార్ట్‌మెంట్లో సాంబారు కారుతున్న పేపర్ ప్లేట్లు పొడిచెత్త సంచిలోనే కనిపిస్తాయి. ఒక్క ప్లేటు చాలు, కింద ఉన్న న్యూస్ పేపర్లన్నీ పాడవడానికి. పెద్దవాళ్లకి నోటీసులు అంటించి అంటించి విసిగిపోయాను. మా పాప మాత్రం ఇప్పుడు పదేళ్లది, ఏ కాగితం దొరికినా ముందు ఒక మూల చించి చూస్తుంది. పొర కనబడితే పక్కన పెట్టేస్తుంది.

ఆ బుట్టలో మేం వెల్లుల్లిపాయలు పోసుకుంటున్నాం. మెంతులు ఎంత వెయ్యాలని అడుగుతారేమో: బకెట్ గుజ్జుకి మేం రెండు గుప్పెళ్లు వేశాం.